నిమిషానికి ఎన్ని దరువులు?

ఏ పాటైనా పెట్టండి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ, 15 సెకన్లలో మీ పాదం నేలను ఎన్నిసార్లు తట్టిందో లెక్కపెట్టండి. వచ్చిన అంకెను 4తో హెచ్చవేయండి. అదే ఆ పాట వేగం. డీజేలు బీపీఎం అనేది దీన్నే. అమెరికాలోనూ యూరప్‌లోనూ డెబ్బై ఏళ్లుగా జనాన్ని కుర్చీల్లోంచి లేపిన పాటలను ఇలా కొలిచి, వాటి పక్కన మన కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట తీర్థాల్లో మోగే పాటలను పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. గత యాభై ఏళ్లలో డాన్సు పాట వేగం పెద్దగా మారలేదు. మారినవి రెండే: అది ఎంతసేపు మోగుతోంది, ఎంత గట్టిగా మోగుతోంది.

కాలు ఒప్పుకున్న వేగం

మొదట్లో వేగం ఎక్కువే. బిల్ హేలీ బృందం 1954లో రికార్డు చేసిన ‘రాక్ ఎరౌండ్ ద క్లాక్’ నిమిషానికి సుమారు 180 దరువులు. ఛబ్బీ చెకర్ పాడిన ‘ద ట్విస్ట్’ 160కి దగ్గర. ఈ రెండో పాట 1960లో ఒకసారి, 1962లో మరోసారి అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. 2008లో బిల్‌బోర్డ్ పత్రిక తన ‘హాట్ 100’ జాబితాకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఆ యాభై ఏళ్లకూ కలిపి దీన్నే అగ్రస్థానంలో నిలిపింది. దాని బలం వేగంలో లేదు. జంటగా చేతులు పట్టుకోకుండా ఎవరి చోట వారు నిలబడి నడుం తిప్పే ఆటను ఆ పాట లోకమంతా పాకించింది. జోడీ అక్కర్లేదు, నేర్పే మాస్టారు అక్కర్లేదు. గరగల ముందు, డప్పుల ముందు అలా ఎవరికి వారుగా, అయినా అందరూ కలిసి ఆడటం మన పల్లెలకు అంతకు ముందే తెలుసు. 1960ల సినిమాల్లో క్లబ్బు పాటలతో ట్విస్టు వచ్చినప్పుడు మన ప్రేక్షకుడు దాన్ని వెంటనే తన కాళ్లలోకి తీసుకోవడానికి అదొక కారణమని నా నమ్మకం.

డిస్కో వచ్చాక ఈ వేగం తగ్గి ఒకచోట కుదురుకుంది. 1977ను గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది బీ జీస్ బృందం ‘స్టేయిన్ ఎలైవ్’ తెచ్చింది. దాని వేగం 104. పాట రికార్డు చేస్తుండగా వాళ్ల డ్రమ్మర్ ఊరెళ్లాల్సి వచ్చింది. అప్పటికే పూర్తయిన ‘నైట్ ఫీవర్’ పాటలోంచి చిన్న డ్రమ్ ముక్కను కత్తిరించి, ఆ టేపు రెండు కొసలు అతికించి, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పి పాట మొత్తం నడిపారు. అదే ఏడాది జర్మనీలోని మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ కలిసి డోనా సమ్మర్‌తో ‘ఐ ఫీల్ లవ్’ చేశారు. వేగం సుమారు 127. గొంతు, కిక్ డ్రమ్ తప్పితే అందులో వినిపించేదంతా దాదాపు మూగ్ సింథసైజరే. ఒకచోట మనిషి లేక టేపు చుట్ట తిరిగింది, మరోచోట కావాలనే యంత్రాన్ని కూర్చోబెట్టారు. అలసిపోని, తొందరపడని దరువు పుట్టింది.

ఆ తర్వాతి పాటల వేగాలు చూడండి. మైఖేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ 117, ‘థ్రిల్లర్’ 118. న్యూ ఆర్డర్ బృందం 1983లో తెచ్చిన ‘బ్లూ మండే’ 130. 1996లో అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చున్న ‘మకరేనా’ 103. డాఫ్ట్ పంక్ వారి ‘ఎరౌండ్ ద వరల్డ్’ (1997) 121. యూట్యూబ్‌లో 2012 డిసెంబరులో తొలిసారి 100 కోట్ల వీక్షణలు దాటిన కొరియా పాట ‘గంగ్నమ్ స్టైల్’ 132. 2015లో మళ్లీ 14 వారాలు ఏలిన ‘అప్‌టౌన్ ఫంక్’ 115. దేశాలు మారాయి, వాయిద్యాలు మారాయి, అంకె మాత్రం 100కూ 130కీ అటూఇటూగానే తిరిగింది. 2019 చివర్లో వచ్చిన ‘బ్లైండింగ్ లైట్స్’ 171 దగ్గర ఉందని ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. ఆ పాటకు ఆడేవాళ్లను గమనించండి: కాలు రెండు దరువులకు ఒకసారే పడుతుంది, అంటే 86కి దగ్గర. పాట పరిగెత్తినా కాలు తన వేగం తాను చూసుకుంటుంది.

కారణం మన ఒంట్లోనే ఉంది. కాస్త చురుగ్గా నడిచే మనిషి నిమిషానికి 110 నుంచి 120 అడుగులు వేస్తాడు. అరసెకనుకు ఒక అడుగు. ఆ నడకకు సరిపడా దరువు వినబడితే శరీరం ప్రయత్నం లేకుండానే కలుస్తుంది. మరీ తగ్గితే మధ్యలో ఖాళీ మిగులుతుంది, మరీ పెరిగితే పది నిమిషాల్లో ఆయాసం వస్తుంది. ఇక్కడే ఒక ప్రాణావసరమైన మాట చెప్పాలి. గుండె ఆగి పడిపోయిన మనిషికి ఛాతీ మధ్య నొక్కాల్సిన వేగం కూడా నిమిషానికి 100 నుంచి 120. ‘స్టేయిన్ ఎలైవ్’ 104 కాబట్టి ఆ పాటను మనసులో అనుకుంటూ నొక్కమని చాలా దేశాల్లో ప్రథమ చికిత్స శిక్షణలో నేర్పుతున్నారు. ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. ఇది మన ఊళ్లో పదిమందికి తెలిసినా ఒక ప్రాణం నిలుస్తుంది.

పదహారు మీటలు

1980లో జపాన్‌కు చెందిన రోలండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం తెచ్చింది. 1983లో తయారీ ఆపేసే నాటికి అది అమ్ముడైంది దాదాపు 12,000 మాత్రమే. కానీ దాని శబ్దం వినని మనిషి ఈనాడు భూమ్మీద అరుదు. దాని ముందు భాగంలో కింద వరసగా 16 మీటలుంటాయి, నాలుగేసి చొప్పున నాలుగు రంగుల్లో. ఏ మీట నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. పదహారూ అయిపోగానే మళ్లీ మొదటికి వస్తుంది. 1, 5, 9, 13 మీటల మీద కిక్ పెడితే డిస్కో నుంచి నేటి హౌస్, టెక్నో సంగీతాల దాకా నడిపిన దరువు తయారు. మూడు చొప్పున విడగొట్టేలా కూడా ఆ యంత్రాన్ని అమర్చుకోవచ్చు. అయితే వేలికి ముందుగా తగిలేది ఆ నాలుగు నాలుగులే. అంచేత ప్రపంచమంతటా యంత్రం నేర్పిన లెక్క నాలుగైంది.

మన దేశంలో దీన్ని తొలినాళ్లలోనే పట్టుకున్నవాడు బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్. 1982లో ఆయన 808తో, దాని తోటి యంత్రం టీబీ-303తో పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఒక రికార్డు విడుదల చేశాడు. అప్పుడు కొన్నవాళ్లు దాదాపు లేరు. 2010లో మళ్లీ ముద్రించాక, షికాగోలో యాసిడ్ హౌస్ సంగీతం పుట్టకముందే దాన్ని పోలిన శబ్దం బొంబాయిలో చేసినవాడని యూరప్ ఆయనను వేదికలకు పిలిచింది. అదే 1982లో హిందీలో ‘డిస్కో డాన్సర్’ వచ్చింది. ఆ చిత్ర సంగీత దర్శకుడు బప్పీ లహరి నాలుగేళ్లకు కృష్ణ ‘సింహాసనం’తో తెలుగులో అడుగుపెట్టి, ‘స్టేట్ రౌడీ’ (1989), ‘గ్యాంగ్ లీడర్’ (1991) పాటలతో మన పందిళ్లన్నీ దడదడలాడించాడు.

వశిష్ఠకు రెండు గట్లూ

‘థ్రిల్లర్’ వీడియో 1983 డిసెంబరులో వచ్చింది. 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి ఎర్ర దుస్తుల్లో, దెయ్యాల గుంపు మధ్య ‘గోలీమార్’ ఆడాడు. చక్రవర్తి సంగీతం. అది దేన్ని చూసి చేసిందో దాచే ప్రయత్నం కూడా లేదు. రెండేళ్లకు ‘పసివాడి ప్రాణం’తో బ్రేక్ డాన్సు వచ్చింది. చిరంజీవిది నరసాపురం దగ్గరి మొగల్తూరు. నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే అవతలి గట్టు మన సఖినేటిపల్లి. రాజోలు వైపు కుర్రాళ్లకు ఆయన తెర మీది తార మాత్రమే కాదు, ఏటి అవతలి ఊరి మనిషి కూడా. మనవాడు చేసినప్పుడు మనమెందుకు చేయలేమన్న ధైర్యం కుర్రాళ్లకు అక్కడే వచ్చింది.

ఆ డాన్సును ఊరూరికీ తిప్పినవాళ్లు మాత్రం రికార్డింగ్ డాన్సు కళాకారులు. సంక్రాంతికీ, జాతరలకూ రాత్రిపూట వేదికలెక్కి, ప్రముఖ హీరోల వేషాలు వేసి, వాళ్ల అడుగులను మక్కీకి మక్కీ దించేవారు. వాళ్ల గురించి పత్రికల్లో వచ్చిందంతా అశ్లీలం, పోలీసు దాడులు, నిషేధం. ఆ ఫిర్యాదుల్లో నిజమున్న రాత్రులు ఉన్నాయి. అయినా టీవీ లేని ఊళ్లో బ్రేక్ డాన్సు భుజం ఎలా విరుస్తుందో, మూన్‌వాక్‌లో మడమ ఎలా జారుతుందో కళ్లముందు చూపించింది వాళ్లే. వాళ్లకు రావాల్సిన గౌరవం రాలేదు.

పాట ఇంటికి చేరిన దారి వేరు. 1980ల్లో, 90ల్లో రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు నుంచి కువైట్, దుబాయ్, మస్కట్, ఖతార్‌లకు పనికి వెళ్లినవారు సెలవుల్లో తెచ్చిన సామానులో జపాన్ టేప్ రికార్డరు తప్పకుండా ఉండేది. క్యాసెట్ నిడివి 60 నిమిషాలో 90 నిమిషాలో. ఆడేవాడికి ఇదెంత పెద్ద మార్పో చూడండి. పాత 78 రికార్డు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పళ్లెం, ఒక వైపు దాదాపు మూడు నిమిషాలే పట్టేది. సినిమా పాటలు, అమెరికా పాటలు మూడు, మూడున్నర నిమిషాలకే అలవాటుపడటంలో ఆ పళ్లేనిదే పెద్ద చెయ్యి. 1976లో అమెరికాలో డాన్సు క్లబ్బుల కోసం పన్నెండు అంగుళాల సింగిల్ అమ్మకానికి వచ్చింది. గాడులు వెడల్పయ్యాయి, బేస్ లోతైంది, పాట ఏడెనిమిది నిమిషాలకు సాగింది. ‘బ్లూ మండే’ నిడివి ఏడున్నర నిమిషాలు. క్యాసెట్‌తో ఒక వైపు 45 నిమిషాలైంది. ఈనాటి డీజే చేతిలో పెన్ డ్రైవ్‌కు రాత్రంతా కూడా చాలదు.

లెక్కల మాస్టారు, మాండొలిన్ శిష్యుడు

కోనసీమ ఈ కథలో వినేవాళ్ల వరసలోనే ఉండిపోలేదు. రాజోలు దగ్గర మట్టపర్రు నుంచి వచ్చిన సినిమా దర్శకుడు సుకుమార్ ఒకప్పుడు కాకినాడలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాడు. రామచంద్రపురం దగ్గరి వెదురుపాక సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ కుటుంబపు ఊరు. తండ్రి సత్యమూర్తి సినిమా రచయిత. వశిష్ఠ అవతల పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ దగ్గర దేవిశ్రీ మాండొలిన్ నేర్చుకున్నాడు. కర్ణాటక సంగీతపు లయ లెక్క చేతివేళ్లలో ఉన్నవాడు కీబోర్డు ముందు కూర్చుంటే ఏమవుతుందో 2004లో సుకుమార్ తీసిన ‘ఆర్య’ చూపించింది.

ఆ సినిమాలోని ‘ఆ అంటే అమలాపురం’ పాటతో ఒక తాలూకా పట్నం పేరు దేశమంతా తిరిగింది. వేటూరి రాశారు, మాలతి, రంజిత్ పాడారు. 2012లో ‘మాగ్జిమమ్’ అనే హిందీ సినిమాలోకి కూడా ఆ పాట వెళ్లింది. ‘ఆర్య 2’ (2009)లోని ‘రింగ రింగ’ 2011లో హిందీ ‘రెడీ’లో ‘ఢింక చికా’ అయింది. ఒకప్పుడు బొంబాయి డిస్కో మన దగ్గరికి వచ్చింది, ఇప్పుడు మన దరువు అటు వెళ్లింది. ‘పుష్ప’ (2021) పాటలకు దేవిశ్రీకి 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ సంగీత దర్శకుడి గౌరవం దక్కింది. అదే ఏడాది నేపథ్య సంగీతానికి పురస్కారం అందుకున్నది ‘ఆర్‌ఆర్‌ఆర్’కు కీరవాణి. ఆయనది గోదావరి గట్టునే ఉన్న కొవ్వూరు. గోదావరి సీమలోని రెండు ఊళ్ల వారికి ఒకే ఏడాది ఆ రెండు పురస్కారాలూ రావడం గురించి మనం ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాల్సింది.

మూడు, నాలుగు

ఇప్పుడు అసలు లెక్క. 120 వేగంతో నడిచే పాటలో ఒక దరువుకూ ఇంకో దరువుకూ మధ్య అరసెకను. డిస్కో యంత్రం ఆ అరసెకనును నాలుగు ముక్కలు చేస్తుంది: ఒక్కోటి 0.125 సెకను, నిమిషానికి 480 చిన్న దెబ్బలు. మన డప్పు అదే అరసెకనును మూడు ముక్కలు చేస్తుంది: ఒక్కోటి 0.167 సెకను, నిమిషానికి 360. అడుగు పడే వేగం రెంటిలోనూ ఒకటే. కానీ మూడులో చిన్న దెబ్బల మధ్య జాగా ఎక్కువ. ఆ జాగాలో మోకాలు పైకి లేస్తుంది, ఒళ్లు ఊగుతుంది. నాలుగులో అడుగు నేలకు దిగబడుతుంది, మూడులో నేలను వదిలి ఎగురుతుంది. సంగీతం నేర్చుకున్నవారు వీటిని చతురశ్ర నడ, తిశ్ర నడ అంటారు. ఊరేగింపులో తీన్‌మార్ కొట్టే డప్పు కళాకారుడికి ఆ పేర్లు తెలియనక్కర్లేదు, అతని మణికట్టుకు తెలుసు.

‘ఆర్‌ఆర్‌ఆర్’లో కీరవాణి చేసిన ‘నాటు నాటు’ ఈ మూడుదే. పాశ్చాత్య లెక్కలో దాన్ని సిక్స్ బై ఎయిట్ అంటారు: ఆరు చిన్న దెబ్బలు, మూడేసి చొప్పున రెండు అడుగులు. దొరల విందులో తమ నాట్యాలు ఆడిచూపి వెక్కిరించిన తెల్లవాడికి ఇద్దరు కుర్రాళ్లు మూడుతో జవాబు చెబుతారు. చంద్రబోస్ మాట, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతు, ప్రేమ్ రక్షిత్ అడుగు; 2021లో కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్రాసాదం ముందు తీశారు. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. కీరవాణి ఆస్కార్ వేదిక మీద తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పారు. అమెరికా పాటతో పెరిగిన చెవే మన మూడును అక్కడికి మోసుకెళ్లింది. పడమటి సంగీతం వింటే మనది పోతుందని భయపడేవారు ఈ ఒక్క ఉదాహరణ ముందు ఆగి ఆలోచించాలి.

దరువు చేసే పని ఏమిటో చూడాలంటే కనుమ నాడు మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు వెళ్లండి. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక కాలువ నీళ్లలోంచి, వరిచేల మీదుగా భుజాల మీద మోసుకొస్తారు. అంత ఎత్తు ప్రభ ఒరగకుండా రావాలంటే పదుల మంది కాళ్లు ఒకేసారి పడాలి. డప్పు అక్కడ ముచ్చట కోసం మోగదు, అది లేకపోతే ప్రభ కదలదు. 2023 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థమే నడిచింది.

ఎంత గట్టిగా

ఇక బాక్సుల సంగతి. చెవికి 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదన్నది నిపుణులు వాడే కొలత. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శబ్దశక్తి రెట్టింపవుతుంది, వినదగ్గ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. 85కూ 100కూ తేడా పదిహేనే కదా అనిపిస్తుంది. శక్తిలో ఆ తేడా 32 రెట్లు. డీజే బండి ముందు రెండు గంటలు ఆడిన కుర్రాడికి మర్నాడు చెవిలో గుయ్‌మంటే అది లోపలి సన్నని కణాలు దెబ్బతిన్న గుర్తు. అవి ఒకసారి పోతే మళ్లీ మొలవవు.

దూరం మంచి మందు. ఆరుబయట, దగ్గర్లో గోడలు లేకపోతే, దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బాక్సుకు 4 మీటర్ల దూరంలో 100 ఉందనుకుంటే 8 మీటర్ల దగ్గర 94, 16 దగ్గర 88, 32 దగ్గర 82. బేస్ దగ్గర మాత్రం చిక్కుంది. సెకనుకు 50 కంపనాల బేస్ శబ్దపు అల పొడవు దాదాపు 7 మీటర్లు. దానికి కొబ్బరి మాను అడ్డు కాదు, తాటాకు దడి అడ్డు కాదు, ఇంటి గోడ కూడా పెద్దగా అడ్డు కాదు. తోటకు అవతలి ఇంట్లో పాట మాటలు వినబడకపోయినా మంచంలోని ముసలాయన గుండెకు ఆ దెబ్బ తగులుతుంది.

చట్టం స్పష్టంగానే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. ఆసుపత్రి, బడి చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంలో అవి 50, 40. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు ఆరుబయట మైకులు, బాక్సులు మోగించకూడదు. పండగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం 12 గంటల దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా.

చేతి డప్పుకు ఒక సహజమైన హద్దుంది. కొట్టేవాడికి అలుపొస్తుంది, తోలు సడలితే మంట దగ్గర కాచుకోవాలి, ఆడేవాళ్లు చల్లబడితే అతను వేగం పెంచుతాడు, అలసిపోతే తగ్గిస్తాడు. బాక్సుకు ఎదుటి మనిషి కనబడడు. తీర్థం కమిటీల పెద్దలు, యువజన సంఘాల తమ్ముళ్లు ఈ సంక్రాంతికి మూడు పనులు చేయాలని అడుగుతున్నాను. డీజేకు కేటాయించిన డబ్బులో సగమైనా మీ మండలంలోని డప్పు, గరగల బృందాలకు ఇవ్వండి. బాక్సులు మోగినంతసేపూ పసిపిల్లలను వాటికి 30 మీటర్ల దూరంలో ఉంచండి. రాత్రి పదికి, అనుమతి ఉన్న రోజు పన్నెండుకి, ఎవరూ ఫిర్యాదు చేయకముందే మీ అంతట మీరే ఆపించండి.